రిపోర్ట్ టెక్స్ట్ టీచింగ్ కిట్ రివ్యూ: చదివించడంలో సూపర్, రాయించే దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేసింది

ఇంగ్లీష్‌లో ఫ్యాక్చువల్ రిపోర్ట్ టెక్స్ట్ చదివి అర్థం చేసుకోవడం, తర్వాత అలాంటిదే సొంతంగా రాయడం, ఈ రెండూ నేర్పడానికి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక టీచింగ్ కిట్ కొని యూనిట్ మొత్తం క్లాసులో నడిపాను. పేరు చెప్పట్లేదు, కింద కొన్ని తిట్లున్నాయి, పైగా ఇలాంటి కిట్లన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటున్నాయి కాబట్టి మీరు ఏది కొన్నా ఈ రివ్యూలో సగమైనా పనికొస్తుంది. మార్కులు ముందే వేసేస్తా, చదివించే భాగానికి అయిదుకి అయిదు, రాయించే భాగానికి రెండు, ఆ రెండు కూడా ప్లానింగ్ షీట్ పుణ్యమే. మా పిల్లలు పదకొండు నుంచి పదమూడేళ్ళ వాళ్ళు, ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీష్, చదవడం వచ్చు కానీ రాయమంటే మాత్రం "మేడమ్ ఎన్ని లైన్లు రాయాలి" అని ముందే బేరమాడే బ్యాచ్.

రిపోర్ట్ టెక్స్ట్ అంటే పేపర్లో వచ్చే యాక్సిడెంట్ వార్త కాదు, స్కూల్ ఫంక్షన్ ఎలా జరిగిందో పరీక్షలో రాసేదీ కాదు, ఇది ముందే చెప్పకపోతే సగం మంది "ఆన్ మండే" అని మొదలుపెట్టేస్తారు. ఒక రకం జంతువు గానీ గ్రహం గానీ మెషీన్ గానీ తీసుకుని ఆ రకం మొత్తానికి వర్తించేలా చెప్పేదే రిపోర్ట్, అంటే అది ఏ వర్గంలోకి వస్తుంది, ఎలా ఉంటుంది, ఎక్కడ దొరుకుతుంది, ఏం చేస్తుంది, అంతే. ముందు ఇది జరిగింది తర్వాత అది జరిగింది అనే వరస ఉండదు, అందుకే బ్రిటన్ స్కూళ్ళలో దీన్ని నాన్ క్రోనలాజికల్ రిపోర్ట్ అంటారు, ఆస్ట్రేలియాలో ఇన్ఫర్మేషన్ రిపోర్ట్ అంటారు, ఇండోనేషియా హైస్కూల్ ఇంగ్లీష్‌లో సింపుల్‌గా రిపోర్ట్ టెక్స్ట్. "మై క్యాట్" అని మా ఇంటి పిల్లి గురించి రాస్తే డిస్క్రిప్షన్, "క్యాట్స్" అని పిల్లిజాతి మొత్తం గురించి రాస్తే రిపోర్ట్. అగ్నిపర్వతం ఎందుకు పేలుతుందో స్టెప్పులవారీగా చెప్తే ఎక్స్‌ప్లనేషన్, అగ్నిపర్వతాల్లో ఏ రకాలున్నాయి, ఒక్కో రకం ఎలా ఉంటుంది అని చెప్తే రిపోర్ట్. ఈ తేడాని కిట్ చాలా బాగా పట్టుకుంది, దాని గురించి కింద చెప్తాను.

టీచర్ గైడ్ మొదటి పేజీలోనే గొప్పగా వేసుకున్నారు, మాది జానర్, అంటే టెక్స్ట్ రకాన్ని బట్టి రాయడం నేర్పే పద్ధతి మీద కట్టిన కిట్ అని. ఆ పద్ధతి మంచిదే, కాదనట్లేదు. మైకేల్ హాలిడే అనే భాషాశాస్త్రవేత్త, 1976లో సిడ్నీ యూనివర్సిటీలో లింగ్విస్టిక్స్ డిపార్ట్‌మెంట్ పెట్టినాయన, ఆయన ఆలోచనల మీద నిలబడి 1980లలో జిమ్ మార్టిన్, జోన్ రాథరీ లాంటి వాళ్ళు సిడ్నీ స్కూళ్ళలో టీచర్లతో కలిసి తయారుచేసింది. సారాంశం ఏంటంటే మూడు దశలు. మొదట ఒక మంచి టెక్స్ట్ తీసుకుని అది ఎలా కట్టారో పిల్లలతో కలిసి విప్పి చూడాలి, రెండోది టీచరూ పిల్లలూ కలిసి బోర్డు మీద ఒక టెక్స్ట్ రాయాలి, మూడోది అప్పుడు పిల్లలు ఒంటరిగా రాయాలి. ఇప్పుడు మీరు ఈ కిట్ తెరిచి ఆ రెండో దశ ఎక్కడుందో వెతకండి. నేను వెతికా. లేదు. ఒక్క స్లయిడ్ ఉంది, దాని మీద "లెట్స్ రైట్ టుగెదర్" అని హెడ్డింగ్, కింద ఖాళీ బాక్స్. దాని తర్వాత స్లయిడే "నౌ ఇట్స్ యువర్ టర్న్". నా గొడవంతా ఇక్కడే.

సరే ముందు మంచి సంగతులు. కిట్‌లో పన్నెండు మోడల్ టెక్స్టులు, ఒక్కొక్కటి రెండు లెవెల్స్‌లో, దానికి తోడు కత్తిరించుకునే కార్డులు, కలర్ కోడింగ్ షీట్లు, క్వశ్చన్ షీట్లు, ప్లానింగ్ షీట్, స్లయిడ్లు, చివర్లో మార్కింగ్ పట్టిక. వీటిలో నాకు బాగా నచ్చింది సార్టింగ్ కార్డులు. ఒకే సబ్జెక్ట్ మీద, గబ్బిలాల మీదే, మూడు చిన్న టెక్స్టులు ఇచ్చారు. ఒకటి దారి తప్పిన ఒక గబ్బిలం పిల్ల కథ, రెండోది చీకట్లో గబ్బిలం శబ్దంతో దారి ఎలా కనిపెడుతుందో చెప్పే ఎక్స్‌ప్లనేషన్, మూడోది గబ్బిలాల గురించి రిపోర్ట్. మూడింటినీ వాక్యాలుగా కత్తిరించి కలిపేసి పిల్లల ముందు పోస్తాం, వాళ్ళు ఏ వాక్యం ఏ టెక్స్ట్‌దో విడదీయాలి. విడదీసి ఊరుకుంటే కాదు, ఎలా కనిపెట్టావో చెప్పాలి. అసలు మజా ఇక్కడ వస్తుంది. "వన్ నైట్" అని ఉంది కాబట్టి కథ మేడమ్, "వెన్ ద సౌండ్ హిట్స్ యాన్ ఇన్సెక్ట్" అని ఉంది కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి జరుగుతోంది, ఎక్స్‌ప్లనేషన్, "బ్యాట్స్ ఆర్ మ్యామల్స్" అంటే ఎప్పుడూ నిజం, రిపోర్ట్. గ్రామర్ పేరెత్తితే నిద్రపోయే పిల్లాడు కూడా టెన్స్ గురించి మాట్లాడుతున్నాడని వాడికే తెలియకుండా మాట్లాడేశాడు.

ఆ రిపోర్ట్ టెక్స్ట్ కూడా ఒక్క లైను తప్ప శుభ్రంగా రాశారు. మొదటి పేరాలో వర్గీకరణ, గబ్బిలాలు క్షీరదాలు, క్షీరదాల్లో నిజంగా రెక్కలాడించి ఎగరగలిగేవి ఇవే, 1400కి పైగా జాతులున్నాయి అని. రెండో పేరాలో శరీరం, పొడుగాటి వేళ్ళ ఎముకల మధ్య సాగదీసినట్టున్న చర్మమే రెక్క అని. మూడో పేరాలో ఎక్కడుంటాయి, అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ అని. నాలుగులో తిండి, చాలా జాతులు పురుగులు తింటాయి, కొన్ని పళ్ళు, కొన్ని తేనె, రక్తం తాగేవి మాత్రం మూడే జాతులు. ఈ మూడే జాతులు అన్న దగ్గర క్లాసంతా ఒక్కసారి నిరుత్సాహపడిపోయింది, అన్నీ రక్తం తాగుతాయనే ఆశలో ఉన్నారు పాపం. కానీ చూడండి, చదవడం అంటే అదే కదా, తెలుసు అనుకున్నదాన్ని టెక్స్ట్ మార్చేయాలి. కిట్‌లో దీనికోసమే చదివే ముందు కేడబ్ల్యూఎల్ చార్ట్ పెట్టారు, డోనా ఓగల్ అనే ఆవిడ 1986లో ఇచ్చిన ఐడియా, నాకు ఏం తెలుసు, ఏం తెలుసుకోవాలి, ఏం తెలుసుకున్నా అని మూడు గడులు. చాలామంది టీచర్లు దీన్ని మొక్కుబడిగా నింపించేస్తారు. మొదటి గడిలో రాసినదాంట్లో తప్పు తేలితే కొట్టేసి పక్కన టెక్స్ట్‌లో ఏ లైను ఆ తప్పు చూపించిందో నంబర్ వెయ్యమని ఈ కిట్ అడుగుతుంది. ఆ చిన్న మార్పుతో చార్ట్‌కి ప్రాణం వచ్చింది.

తర్వాత కలర్ కోడింగ్. వర్గీకరణ చెప్పే వాక్యానికి ఒక రంగు, రూపానికి ఒకటి, ఉండే చోటుకి ఒకటి, అలవాట్లకి ఒకటి. గీసిన తర్వాత పేజీని కొంచెం దూరంగా పట్టుకుని చూస్తే పేరాకి ఒక రంగు కనిపించాలి, ఒక పేరాలో రెండు రంగులు కలిసిపోయాయంటే రాసినవాడు తడబడ్డట్టు. కావాలని అలా పాడుచేసిన టెక్స్ట్ కూడా ఒకటి ఇచ్చారు, దాంట్లో తిండి మధ్యలో హఠాత్తుగా కళ్ళ రంగు వస్తుంది, పిల్లలు దాన్ని పట్టేసి తెగ సంబరపడిపోయారు. ఒక గమనిక, బ్లాక్ అండ్ వైట్‌లో ప్రింట్ తీస్తే మోడల్ షీట్ మొత్తం బూడిదరంగు ముద్దలా వస్తుంది, కలర్ ప్రింట్ లేకపోతే ఆ షీట్ పక్కన పెట్టి ఖాళీ టెక్స్ట్ ఇచ్చి పిల్లల చేతే రంగులేయించండి, అదే బెటర్ కూడా.

కాంప్రహెన్షన్ ప్రశ్నలు మూడు రకాలుగా పెట్టారు. టెక్స్ట్‌లో నేరుగా దొరికేవి, రెండు మూడు చోట్ల నుంచి కలిపి చెప్పాల్సినవి, టెక్స్ట్‌లో లేకపోయినా దాన్నిబట్టి ఊహించాల్సినవి. మూడో రకానికి ఆన్సర్ కీ ఇవ్వలేదు, "ఆన్సర్స్ మే వేరీ" అని రాసి తప్పించుకున్నారు, కొత్త టీచర్లకి ఇది ఇబ్బందే. ఇంకో లోటు, హెడ్డింగ్, సబ్ హెడ్డింగ్, క్యాప్షన్, గ్లాసరీ, లేబుల్ వేసిన బొమ్మ వీటిని గుర్తుపట్టమని అడుగుతారు గానీ వాడమని అడగరు. సబ్ హెడ్డింగ్ ఎక్కడుంది అని అడిగితే వేలు చూపిస్తారు, దాంతో ఏం పని జరిగింది? హెడ్డింగులు మాత్రమే చూసి, టెక్స్ట్ మూసేసి, ఈ ప్రశ్నకి జవాబు ఏ హెడ్డింగ్ కింద ఉంటుందో చెప్పండి అని నేను ఆట ఆడించాను, అప్పుడు గానీ హెడ్డింగ్ ఎందుకు పెడతారో ఎక్కలేదు.

ఇప్పుడు ఆ ఒక్క లైను. "బ్యాట్స్ ఆర్ బ్లైండ్, సో దే యూజ్ సౌండ్" అని ఉంది. తప్పు. గబ్బిలాలకి కళ్ళు కనిపిస్తాయి, పళ్ళు తినే పెద్ద గబ్బిలాలైతే ఎక్కువగా చూపు మీదా వాసన మీదా ఆధారపడతాయి. నిజాలు రాయడం నేర్పే కిట్‌లో ఇలాంటి వీధి మాట ఎలా దూరిందో, ఎడిట్ చేద్దామంటే పీడీఎఫ్ లాక్. విసుక్కుని మార్చేద్దామనుకుని మళ్ళీ ఆగి దాన్నే పాఠం చేశాను. ఈ టెక్స్ట్‌లో ఒక అబద్ధం ఉంది, కనిపెట్టండి, కనీసం రెండు వేరువేరు చోట్ల చూసి నిర్ధారించండి అన్నాను. అలాగే శని గ్రహం టెక్స్ట్‌లో ఉపగ్రహాలు 82 అని వేశారు, 2019 లెక్క అది, 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్తవి గుర్తించాక 274 అయ్యాయి. 82 అని రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు, రాసినప్పటికి అదే నిజం. రిపోర్ట్‌లో అంతా ప్రెజెంట్ టెన్స్‌లో, ఎప్పటికీ మారని నిజంలా రాస్తాం కదా, 2006కి ముందు పుస్తకాల్లో ప్లూటో కూడా ఇలాగే ప్రెజెంట్ టెన్స్‌లో తొమ్మిదో గ్రహం. అందుకని అంకె రాస్తే ఏ సంవత్సరపు లెక్కో పక్కన రాయాలి అని రూల్ పెట్టుకున్నాం. కిట్‌లో ఈ విషయం మీద ఒక్క షీట్ కూడా లేదు, సోర్స్ చూడడం, పోల్చడం అసలు ఊసే లేదు.

ఆ లైను దగ్గరే ఇంకో మంచి సంగతి దొరికింది. "బ్యాట్స్ ఈట్ ఫ్రూట్" అంటే నిజమేనా? కొన్ని తింటాయి. "ఆల్ బ్యాట్స్" అంటే తప్పు, "సమ్ బ్యాట్స్" అంటే కరెక్ట్, "మోస్ట్ బ్యాట్స్ ఈట్ ఇన్సెక్ట్స్" అంటే కరెక్ట్. ఆల్, మోస్ట్, మెనీ, సమ్, యూజువల్లీ, ఈ చిన్న మాటలే రిపోర్ట్‌ని నిజం చేస్తాయి లేదా అబద్ధం చేస్తాయి. కిట్‌లో వీటిని వర్డ్ బ్యాంక్‌లో ఒక మూల పడేశారు, నన్నడిగితే దీనికే ఒక క్లాసు మొత్తం ఇవ్వచ్చు.

గ్రామర్ షీట్లు ఎవరికోసం రాశారో గానీ ఇంగ్లీష్ ఇంట్లో మాట్లాడే పిల్లల కోసమే అనిపించింది. రిపోర్ట్ అంతా నడిచేది రెండు క్రియల మీద, బీ, హ్యావ్. సరిగ్గా ఆ రెండే మన పిల్లలకి జారిపోతాయి. గబ్బిలాలు క్షీరదాలు అంటాం, దాంట్లో క్రియే లేదు, కాబట్టి వాళ్ళు "బ్యాట్స్ మ్యామల్స్" అని రాసి పూర్తయిందనుకుంటారు. గబ్బిలాలకి రెక్కలుంటాయి అంటాం, అది "ఫర్ బ్యాట్స్ వింగ్స్ ఆర్ దేర్" అయి కూర్చుంటుంది. ఇంకా పెద్దది టెన్స్. పగలు పడుకుంటాయి అన్నా, రేపు పడుకుంటాయి అన్నా తెలుగులో క్రియ ఒకటే, కాబట్టి "బ్యాట్స్ విల్ స్లీప్ ఇన్ ద డే, దే విల్ ఈట్ ఎట్ నైట్" అని పేజీ నిండా విల్ పోస్తారు. కిట్‌లో "యూజ్ ద ప్రెజెంట్ టెన్స్" అని ఒక బాణం గుర్తు, అంతే, అంతకు మించి సాయం లేదు. నేను చేసింది ఏంటంటే, మోడల్ టెక్స్ట్‌లో ప్రతి క్రియ కింద గీత గీయించి, పక్కన ఇది ఎప్పుడు నిజం అని రాయించాను, నిన్నా, ఇవాళా, రేపా, ఎప్పుడూనా. నాలుగైదు గీతల తర్వాత అన్నిటికీ "ఎప్పుడూ" అనే రాస్తున్నాం కదా మేడమ్ అని విసుక్కున్నారు, ఆ విసుగే కావాల్సింది. ఆర్టికల్స్ గురించి కూడా ఒక మాట, "ఎ వేల్ ఈజ్", "ద వేల్ ఈజ్", "వేల్స్ ఆర్" మూడూ రిపోర్ట్‌లో చెల్లుతాయి, కానీ పిల్లలకి మూడూ ఒకేసారి చెప్తే గందరగోళం, కొత్తలో బహువచనం ఒక్కటే వాడమంటే ఆర్టికల్ బాధ, క్రియ చివర ఎస్ పెట్టే బాధ రెండూ ఒకే దెబ్బకి పోతాయి. కిట్ ఈ మాట చెప్పుంటే ఇంకో స్టార్ వేసేదాన్ని.

ఇక రాయించే భాగం. ముందే చెప్పినట్టు మధ్య దశ లేదు. ఈత రానివాడికి ఈత వీడియో చూపించి నీళ్ళలోకి తోసేసినట్టు ఉంటుంది, చక్కటి టెక్స్ట్ చదివించి, రంగులేయించి, ఇక రాయండి అంటుంది. మా వాళ్ళు ఏం రాశారో తెలుసా, మోడల్ టెక్స్ట్‌లో బ్యాట్స్ తీసి ఔల్స్ పెట్టి మిగతాదంతా దింపేశారు, ఒకమ్మాయి పేపర్లో గుడ్లగూబలు క్షీరదాలైపోయాయి. వాళ్ళ తప్పు కాదు, ఖాళీ పేజీ ముందు వాక్యం ఎలా పుడుతుందో వాళ్ళకి ఎవరూ చూపించలేదు. బ్రిటన్‌లో 1990లలో డేవిడ్ రే, మౌరీన్ లూయిస్ ప్రచారంలోకి తెచ్చిన రైటింగ్ ఫ్రేమ్స్ లాంటివి ఒక షీట్ ఉంది ఇందులో, "దే లివ్ ఇన్ డాష్, దే ఈట్ డాష్" అని, కానీ దాంతో డాష్‌లు నిండుతాయి, పేరా పుట్టదు.

అందుకని ఆపేసి, రెండో దశని నేనే పెట్టుకున్నా. టాపిక్ జంతువు కాకుండా సైకిల్ తీసుకున్నాం, ఎందుకంటే అందరికీ తెలిసిన వస్తువు, సమాచారం వెతుక్కునే పని లేదు, బుర్ర మొత్తం వాక్యం మీదే పెట్టచ్చు. బోర్డు నాది, మాటలు వాళ్ళవి. మొదటి వాక్యం ఏంటి అంటే వెంటనే వచ్చింది "సైకిల్ ఈజ్ వెరీ యూస్‌ఫుల్ టు అజ్". వ్యాసాల అలవాటు. రాశాను బోర్డు మీద, ఇది నిజమా అభిప్రాయమా అని అడిగాను. కొంత గొడవ తర్వాత అభిప్రాయం అని తేల్చారు, తీసేశాం. తర్వాత ఒకడు "సైకిల్ ఈజ్ ఎ వెహికల్" అన్నాడు. బావుంది, వర్గం దొరికింది, కానీ బస్సు కూడా వెహికలే కదా, తేడా ఏంటి? రెండు చక్రాలు మేడమ్. మోటర్ బైక్‌కి కూడా రెండే కదా? అక్కడ కాసేపు ఆగిపోయారు, వెనక బెంచీలోంచి "దానికి పెట్రోల్, దీనికి మనమే" అని వచ్చింది. అంతే, ఆ ముక్క ఇంగ్లీష్‌లోకి తేవడానికి నేను చెయ్యేశా, చివరికి బోర్డు మీద "ఎ బైసికిల్ ఈజ్ ఎ టూ వీల్డ్ వెహికల్ దట్ ఈజ్ పవర్డ్ బై ఇట్స్ రైడర్" అని నిలబడింది. ఏ వర్గం, ఆ వర్గంలో మిగతావాటి నుంచి ఎలా వేరు, ఒక్క వాక్యంలో. ఈ ఒక్క వాక్యానికి చాలా సేపు పట్టింది, పట్టనివ్వండి, ఈ తర్జనభర్జన ఏ వర్క్‌షీట్‌లోనూ దొరకదు.

మధ్యలో ఒక పిల్లాడు ఎక్కడో చదివొచ్చి 1817లో జర్మనీలో కార్ల్ వాన్ డ్రైస్ అనే ఆయన పెడల్స్ లేని రెండు చక్రాల బండి చేశాడు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ వెళ్ళేవారు, అది కూడా పెడదాం అన్నాడు. అది పాస్ట్ టెన్స్ కదా, రిపోర్ట్‌లో రావచ్చా అని వాళ్ళలో వాళ్ళకే పంచాయితీ. రావచ్చు, చరిత్ర అని ఒక చిన్న పేరా విడిగా పెట్టుకుంటే పాస్ట్ టెన్స్ వాడుకోవచ్చు, కానీ "ఇట్ హ్యాజ్ టూ వీల్స్" పక్కన పెట్టి కలపకూడదు అని తేల్చాం. కిట్ చెక్‌లిస్ట్ ప్రకారం ఇది తప్పు, అందులో "ఓన్లీ ప్రెజెంట్ టెన్స్" అని ఉంది. నిజం పుస్తకాలు, ఎన్‌సైక్లోపీడియాలు తెరిచి చూస్తే ఏ రిపోర్ట్‌లోనూ అంత మడి ఉండదు.

ప్లానింగ్ షీట్‌ని మెచ్చుకోకపోతే పాపం తగులుతుంది. మధ్యలో టాపిక్, చుట్టూ నాలుగు గడులు, ఒక్కో గడిలో గరిష్టంగా ఆరు మాటలే రాయడానికి చోటు, వాక్యం రాయడానికి జాగానే లేదు. ఇది కావాలనే చేశారు, ఎందుకంటే పూర్తి వాక్యాలు దింపుకోనిస్తే పిల్లలు అవే మళ్ళీ దింపుతారు. ఆక్టోపస్ గురించి చదివినమ్మాయి షీట్‌లో "3 హార్ట్స్, బ్లూ బ్లడ్, 8 ఆర్మ్స్, నో బోన్స్" అని మాత్రమే ఉంది. పుస్తకం మూయించాం, ఆ ముక్కల నుంచే వాక్యాలు కట్టాలి. "ఆక్టోపసెస్ హ్యావ్ త్రీ హార్ట్స్ అండ్ బ్లూ బ్లడ్, బట్ దే డు నాట్ హ్యావ్ బోన్స్" అని రాసింది, ఆ బట్ పుస్తకంలో లేదు, ఆ అమ్మాయిది. దీనికి జతగా నేను డిక్టోగ్లాస్ కూడా వాడాను, టెక్స్ట్ మామూలు వేగంతో రెండుసార్లు చదువుతాం, ముఖ్యమైన మాటలు మాత్రం రాసుకుంటారు, తర్వాత గ్రూపుగా కూర్చుని టెక్స్ట్‌ని మళ్ళీ కడతారు. రూత్ వైన్‌రిబ్ 1990లో దీని మీద రాశాక బాగా ప్రచారంలోకి వచ్చింది. ఖర్చు లేదు, ప్రింట్ లేదు, మన పిల్లలకి వినడం కూడా ప్రాక్టీస్ అవుతుంది.

మార్కింగ్ పట్టిక మాత్రం దండగ. ఇరవై మార్కులు, అందులో హెడ్డింగ్, బొమ్మకి అయిదు, స్పెల్లింగ్‌కి అయిదు, చేతిరాతకి అయిదు, "ఇంట్రెస్టింగ్ ఫ్యాక్ట్స్"కి అయిదు. మొదటి వాక్యంలో వర్గీకరణ ఉందా? పేరాకి ఒకే విషయం ఉందా? రాసింది నిజమేనా? వీటికి సున్నా. అంటే గుడ్లగూబని క్షీరదం అన్న పేపర్‌కి చక్కటి బొమ్మ ఉంటే పదిహేను పడిపోతాయి. నేను కొట్టేసి నాలుగు వరసలు పెట్టుకున్నా, వర్గం సరిగ్గా చెప్పిందా, పేరాలు విషయాలవారీగా విడిపోయాయా, నిజాలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పిందా, భాష జాతి మొత్తానికి వర్తించేలా ఉందా, అంటే ఐ, మై, వెరీ క్యూట్ లాంటివి దూరాయా లేదా. స్పెల్లింగ్ చివర్లో కొంచెం.

స్లయిడ్లలో యానిమేషన్ ఎక్కువ, ఎగిరొచ్చే అక్షరాలు, చప్పట్ల సౌండ్, అన్నీ ఆపేసుకుని వాడండి. ఆడియో స్పీడ్ పర్వాలేదు. పన్నెండు టెక్స్టుల్లో తొమ్మిది జంతువులే, మిగతా మూడు శని గ్రహం, అగ్నిపర్వతాలు, ఎడారులు, మనిషి చేసిన వస్తువు ఒక్కటీ లేదు. జంతువులకి రూపం, చోటు, తిండి అనే గడులు సరిపోతాయి, కానీ సైకిల్‌కి తిండి గడి ఏం చేసుకుంటాం, అక్కడ భాగాలు, రకాలు, ఉపయోగం అని గడులు మార్చుకోవాలి. గడుల పేర్లు టాపిక్‌ని బట్టి మారతాయి అన్నది పిల్లలకి తెలియకపోతే ఎప్పటికీ జంతువుల రిపోర్టే రాస్తుంటారు.

ఎవరు కొనాలి అంటే, మీ పిల్లలకి ఇన్ఫర్మేషన్ టెక్స్ట్ చదవడమే కష్టంగా ఉంటే, సైన్స్ పాఠం చదివి ఏం అర్థమైందంటే బిక్కమొహం వేస్తుంటే, కళ్ళు మూసుకుని కొనండి, సార్టింగ్ కార్డులూ కలర్ షీట్లూ తయారుచేసుకోవడానికి మనకి పట్టే టైమ్‌తో పోలిస్తే చాలా నయం. రాయించడమే మీ పని అయితే దీని జోలికి వెళ్ళకండి, పిల్లల ఎన్‌సైక్లోపీడియాలో మంచి పేజీలు రెండు తీసుకోండి, ప్లానింగ్ షీట్ పైన చెప్పినట్టు మీరే గీసుకోవచ్చు, మిగతాదంతా బోర్డు దగ్గర పిల్లలతో కలిసి చేసేదే. కొనేవాళ్ళు మాత్రం డబ్బు కట్టేముందు రెండు అడగండి, ఫైల్ ఎడిట్ చేసుకోనిస్తారా, టెక్స్టులు చివరిసారి ఏ సంవత్సరంలో సరిచూశారు అని. నేను రెండు తప్పులూ చెప్తూ సెల్లర్‌కి మెసేజ్ పెట్టాను, "థాంక్యూ ఫర్ యువర్ ఫీడ్‌బ్యాక్" అని వచ్చింది, ఫైల్ మాత్రం ఇంకా పాతదే ఉంది.